ఏ ఊరు మంచిదని అడిగిన మేనకోడలికి

పరిగి

 

మొన్న ఆదివారం మీ నాన్న మా ఇంటికొచ్చి, ‘అక్కా, నువ్వు చెప్తే వింటది. కోల్‌కతాకు ఒప్పించు’ అని కూర్చున్నాడు. కంపెనీ నీ ముందు మూడు ఊర్లు పెట్టిందట కదా, కోల్‌కతా, పుణె, గురుగ్రామ్. గురుగ్రామ్ ఢిల్లీ పక్కనే కాబట్టి, ఆ పేరు అనగానే మీ అమ్మకు 2012 డిసెంబర్ 16 నాటి ఢిల్లీ బస్సు అత్యాచారం గుర్తొచ్చి అన్నం సయించలేదట. పుణె గురించి మన ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. కోల్‌కతా మాత్రం దేశంలోకెల్లా భద్రమైన నగరమని పేపర్లో పడిందని మీ నాన్న ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. ఒప్పించే పని నాకు పెట్టొద్దన్నాను. ఉత్తరం రాస్తానని మాత్రం మాటిచ్చాను.

పేపర్లో వచ్చింది అబద్ధం కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో, 20 లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాల్లో లక్ష మందికి నమోదైన నేరాలు కోల్‌కతాలో 86.5. పుణెలో 280.7. నువ్వు ఇన్నాళ్ళూ ఉన్న హైదరాబాద్‌లో 299.2. మీ నాన్న ఈ అంకెలు చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. అయితే ఇవి ఆడపిల్లల మీద జరిగిన నేరాల అంకెలు కావు. జేబుదొంగతనం, కొట్లాట, మోసం అన్నీ కలిపిన మొత్తం. పైగా స్టేషన్‌లో రాసుకున్నవే అందులోకి ఎక్కుతాయి.

ఇంకో లెక్క చూడు. 2025 ఆగస్టులో మహిళల భద్రత మీద ‘నారి’ అనే నివేదిక విడుదలైంది. 31 నగరాల్లో 12,770 మంది ఆడవాళ్ళను, మీ ఊళ్ళో మీకు ఎట్లా అనిపిస్తుందని అడిగి తయారుచేసినది. పైవరుసలో కోహిమా, మన విశాఖపట్నం, భువనేశ్వర్, ముంబై ఉన్నాయి. అడుగున పట్నా, జైపూర్, ఢిల్లీ. వాటి పక్కనే కోల్‌కతా! పోలీసు పుస్తకంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న ఊరు ఆడవాళ్ళ నోట చివరి బెంచీకి పోయింది. ఎందుకో ఆ నివేదికలోనే దొరుకుతుంది. వేధింపు ఎదురైన ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఎక్కడా ఫిర్యాదు చేయలేదట. 24 ఏళ్ళలోపు పిల్లలకు ఎదురైన వేధింపులు మొత్తం ఆడవాళ్ళ సగటుకు రెట్టింపు. నీ ఈడు వాళ్ళకే ఎక్కువ జరుగుతోంది, జరిగినదాంట్లో ఎక్కువ భాగం ఎవరికీ తెలియడం లేదు. అందుకే కేసులు తక్కువున్న ఊరును మంచి ఊరని అనుకోవడానికి నాకు మనసొప్పదు. అక్కడి పిల్లలు చెప్పుకోలేకపోతున్నారేమో ఎవరికి తెలుసు?

కోల్‌కతాలోనే 2024 ఆగస్టు 9న ఆర్‌జీ కర్ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ మీద అత్యాచారం చేసి చంపేశారు. రాత్రిపూట సినిమాకు పోలేదు, పార్టీకి పోలేదు. డ్యూటీలో ఉంది. ఆసుపత్రి సెమినార్ హాల్లో ఉంది. ‘చీకటి పడ్డాక బయట తిరగొద్దు’ అనే మన ఇండ్లల్లోని మంత్రం ఆమెకు ఏం పనికొచ్చేది, చెప్పు?

కోల్‌కతాను తక్కువ చేయాలని కాదు బిడ్డా, ఢిల్లీని వెనకేసుకు రావాలనీ కాదు. ఆడవాళ్ళ మీద నేరాల విషయంలో ఢిల్లీకి ఉన్న చెడ్డపేరు ఊరికే రాలేదు. నేను చెప్పేదల్లా, ర్యాంకు చూసి ఊరిని ఎంచుకుంటే మోసపోతామని.

మీ అమ్మకు కోపం వచ్చినా ఒక మాట రాస్తాను. 2022లో దేశంలో ఆడవాళ్ళ మీద నేరాల కేసులు 4,45,256. అందులో అన్నిటికన్నా పెద్ద భాగం, 31 శాతం పైచిలుకు, భర్త, అత్తింటివాళ్ళు పెట్టిన హింసవి. బయట ప్రమాదమని భయపడి త్వరగా పెళ్ళి చేసి ఏ ఇంటికైతే పంపాలని చూస్తామో, ఆ ఇల్లే జాబితాలో మొదట ఉంది. ‘దూరం పోతే ఎవరు దిక్కు’ అని అడిగేవాళ్ళు ఈ అంకె ఒకసారి చూసి అడగాలి.

ఇక దారిలో ప్రమాదాల సంగతి. 2025 నవంబర్ 3, సోమవారం పొద్దున, తాండూరు డిపో బస్సును చేవెళ్ళ దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ గుద్దింది. 19 మంది పోయారు. ఆదివారం ఇంట్లో గడిపి హైదరాబాద్‌లో కాలేజీకి తిరిగి పోతున్న ఆడపిల్లలు ఉన్నారందులో. ఒకే తల్లి కన్న అక్కచెల్లెళ్ళు ముగ్గురు ఉన్నారు. నువ్వూ ఎన్నోసార్లు ఆ రోడ్డు మీదే పోయినదానివి. మన్నెగూడ నుంచి అప్పా జంక్షన్ దాకా 46 కిలోమీటర్లు వెడల్పు చేసే పని, రోడ్డు పక్క మర్రిచెట్లను కొట్టాలా వద్దా అనే పంచాయితీతో ఏళ్ళకేళ్ళు ఆగింది. ఆ చెట్లంటే నాకూ ప్రాణమే, కానీ చెట్లూ ఉండి రోడ్డూ బాగుండే దారి వెతకడానికి ఇన్నేళ్ళు పట్టాలా? ఆ పిల్లల విషయంలో ఎవరూ ‘ఆడపిల్లలను ఎందుకు పంపారు’ అని అడగలేదు. రోడ్డును అడిగారు, టిప్పర్‌ను అడిగారు, సర్కారును అడిగారు. అదీ సరైన పద్ధతి. ఒక మగవాడి చేతిలో ఆడపిల్లకు అన్యాయం జరిగినప్పుడు మాత్రం ప్రశ్న ఆ పిల్ల దగ్గరికే ఎందుకు వస్తుంది?

షాద్‌నగర్ సంగతి నీకు గుర్తుంటుంది, అప్పుడు నువ్వు స్కూల్లో ఉన్నావు. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు పక్కన స్కూటీ పంక్చరైన పశువుల డాక్టరు మీద అత్యాచారం చేసి చంపేశారు. అంతకుముందు ఆమె భయమేస్తోందని చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలికి చేసే బదులు 100కు చేయాల్సింది అని తర్వాత ఒక మంత్రి అన్నాడు. భయమైతే మనిషి ముందు సొంతవాళ్ళ గొంతు వినాలనుకోదా? ఇంటివాళ్ళు ఆ రాత్రే స్టేషన్‌కు పోతే ఇది మా పరిధి కాదని తిప్పారు. దానికి ముగ్గురు పోలీసులను తర్వాత సస్పెండ్ చేశారు. డిసెంబర్ 6న నిందితులు నలుగురినీ కాల్చేస్తే మన జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతో జరిపినవేనని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ పూల వల్ల ఒక్క ఆడపిల్లకు కూడా మేలు జరగలేదని నా నమ్మకం. ఆ రాత్రి మొదటి స్టేషన్‌లోనే ఫిర్యాదు రాసుకుని ఉంటే ఏమైనా జరిగేదేమో.

అందుకే ఇది గట్టిగా గుర్తు పెట్టుకో. ఏ స్టేషన్‌లోనైనా, అది వాళ్ళ పరిధి అయినా కాకపోయినా, నీ ఫిర్యాదు రాసుకోవాలి. దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలోనే ఉంది. ఏ ఊళ్ళోనైనా ఆపదొస్తే 112. మహిళల హెల్ప్‌లైన్ 181, రైలులో 139. ఆఫీసులో పదిమంది, ఆపైన పనిచేస్తుంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం చెబుతుంది. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. చేరిన మొదటి వారంలోనే ఆ కమిటీలో ఎవరెవరున్నారో అడిగి తెలుసుకో. అవసరం పడ్డాక అడిగితే ఆఫీసంతా నీ ముఖం వంక చూస్తుంది.

గది వెతికేటప్పుడు పగలు చూసి అడ్వాన్సు ఇచ్చేయకు. నువ్వు ఆఫీసు నుంచి ఏ వేళకు వస్తావో ఆ వేళకు ఆ గల్లీలో నడిచి చూడు. మందుల షాపు తెరిచి ఉందా? పానీపూరీ బండి దగ్గర ఆడవాళ్ళు నిలబడి ఉన్నారా? పిల్లలను చంకనేసుకుని తల్లులు తిరుగుతున్నారా? సీసీ కెమెరాలకన్నా నాకు ఆ పానీపూరీ బండి మీదే నమ్మకం. ముంబైలో రాత్రిపూట కూడా లోకల్ రైళ్ళలో ఆడవాళ్ళు కనిపిస్తారు. ఆ ఊరు పైవరుసలోకి రావడానికి అదో కారణమని నా ఊహ. మన పరిగి బస్టాండే చూడరాదూ. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం మొదలయ్యేదాకా, పొద్దుగూకాక ఎక్కే బస్సులో ఆడవాళ్ళు డ్రైవర్ వెనక సీట్లలో ముడుచుకుని కూర్చునేవాళ్ళు. ఇప్పుడు బస్సంతా వాళ్ళే. సీట్ల కోసం కొట్లాడుకుంటున్నారని నవ్వేవాళ్ళు నవ్వనీ, ఒంటరిగా భయపడుతూ కూర్చునేకన్నా అది మేలు.

హాస్టల్ గేటు ఎన్ని గంటలకు మూస్తారో అడుగు. పిల్లలు భద్రంగా ఉండాలని పదింటికే తాళం వేస్తారు. షిఫ్టు పదకొండుకు అయిపోయిన పిల్ల ఆ తాళం వల్లనే రోడ్డు మీద నిలబడుతుంది. అలాంటి చోట చేరొద్దు. మెట్రో స్టేషన్‌కు దగ్గర గదికి అద్దె ఎక్కువైతే ఎక్కువే ఇవ్వు. గిరిజా బోర్కర్ అనే ఆర్థికవేత్త ఢిల్లీ విశ్వవిద్యాలయం విద్యార్థినుల మీద ఒక పరిశోధన చేసింది. దారి కాస్త భద్రంగా ఉంటుందంటే ఆ పిల్లలు మంచి కాలేజీ వదులుకుని అంతకన్నా తక్కువ స్థాయి కాలేజీలో చేరుతున్నారు, ఏటా 18 వేలకు పైగా అదనంగా ఖర్చు పెట్టడానికీ సిద్ధపడుతున్నారు. మగపిల్లలకు ఈ లెక్క అంతగా లేదు. ఢిల్లీ దాకా ఎందుకు, నేను చదువు చెప్పిన పిల్లల్లో మంచి మార్కులు వచ్చినవాళ్ళు, హైదరాబాద్‌లో సీటు వచ్చి కూడా, బస్సు దిగి ఇంటికి నడిచే దారి బాగాలేదని దగ్గర్లో ఏది దొరికితే అది చదివారు. ఆ దారి వాళ్ళ చదువును ఎంత తిన్నదో ఏ గణాంకాల సంస్థా రాసుకోదు. ఆడపిల్ల కట్టే ఈ పన్ను అన్యాయమైనదే. తెలిసే కట్టు, కానీ కెరీర్‌తో మాత్రం కట్టకు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. జీతం పడే ఖాతా నీ పేరు మీద, నీ ఫోన్ నంబరుతో ఉండాలి. సర్టిఫికెట్లు, ఆధార్ నీ దగ్గరే ఉండాలి. రెండు నెలల అద్దె, ఇంటికి వచ్చే టికెట్ డబ్బులు ఎప్పుడూ ముట్టుకోకుండా పక్కన పెట్టు. నా తరంలో ఉద్యోగం చేసిన ఆడవాళ్ళలో చాలామంది పాస్‌బుక్ ఏ బీరువాలో ఉందో కూడా తెలియకుండా రిటైరయ్యారు. గది నచ్చకపోతే మర్నాడే ఖాళీ చేయగలిగేంత డబ్బు చేతిలో ఉన్న పిల్లను ఓనరు గానీ, బాసు గానీ, ప్రేమిస్తున్నానని వెంటపడేవాడు గానీ బెదిరించడం కష్టం.

ఇవన్నీ రాశాక కూడా ఏమీ కాదని నేను హామీ ఇవ్వలేను. 2014 జనవరిలో మచిలీపట్నం పిల్ల ఒకతె, పండుగ సెలవుకు ఇంటికొచ్చి, ముంబై ఉద్యోగానికి తిరిగి పోయి, తెల్లవారుజామున లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో రైలు దిగింది. ఆఖరుకు పొదల్లో శవమై దొరికింది. శిక్షపడ్డ మనిషిని 2025 జనవరిలో సుప్రీంకోర్టు నిర్దోషి అని వదిలేసింది. చంపినవాడెవరో ఇవాళ్టికీ తేలనట్టే. ఆ పిల్ల చేసిన తప్పు వెతుకుతూ అప్పుడు టీవీల్లో ఎంతోమంది మాట్లాడారు. రైలు దిగడం తప్పెట్లా అవుతుంది? తెల్లవారుజామున దిగాల్సి వస్తే వెలుతురు వచ్చేదాకా వెయిటింగ్ రూంలోనే కూర్చోమని నీకు చెప్తాను. వినకుండా నువ్వు బయటికి నడిచిన రోజు ఏదైనా జరిగినా తప్పు నీది అనను.

ఈ మాట కోసమే ఇంత ఉత్తరం రాశాను. మన ఊళ్ళల్లో బయట చదివే, పనిచేసే పిల్లలు ఇంట్లో ఏదీ చెప్పరు. బస్సులో ఎవడో చెయ్యి వేసింది చెప్పరు, మేనేజరు అర్ధరాత్రి పెట్టే మెసేజీలు చెప్పరు, ఫొటోలు పెడతానని బెదిరించేవాణ్ణి గురించి అసలే చెప్పరు. చెప్తే ‘ఇగ చాలు, వచ్చెయ్. సంబంధం చూస్తం’ అంటారని భయం. ఆ భయం ఉత్తది కాదు, చాలా ఇండ్లల్లో అదే జరుగుతుంది. వేధించేవాడికి కూడా ఈ సంగతి తెలుసు. ఈ పిల్ల ఇంట్లో చెప్పుకోలేదని తెలిసే వాడు ధైర్యం చేస్తాడు. మూడింట రెండు వంతుల మంది ఫిర్యాదు చేయకపోవడానికి పోలీసులు ఎంత కారణమో మనమూ అంతే కారణమని నేను మీ నాన్న ముఖం మీదే అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

కాబట్టి మన మధ్య ఒప్పందం ఇది. ఏ రాత్రైనా, ఎంత సిగ్గుపడే సంగతైనా, నీదే పొరపాటని నీకు అనిపించినా, నాకు ఫోన్ చెయ్యి. నువ్వు అక్కడికి ఎందుకు పోయావని అడగను. ఉద్యోగం మానేసి రమ్మనను. నువ్వు రావాలనుకుంటే టికెట్ తీస్తాను, ఉండాలనుకుంటే నేనే వచ్చి నీ గదిలో నాలుగు రోజులు ఉంటాను. మీ నాన్న కూడా ఈ మాటకు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఏ ఊరైనా పంపవచ్చు, ఒప్పుకోకపోతే విశాఖపట్నమైనా ప్రమాదమే.

నీ మనసుకు నచ్చిన పని గురుగ్రామ్‌లో ఉందని నువ్వు నాతో అన్నది నేను మర్చిపోలేదు. కష్టమైన ఊరు, గది అద్దె ఎక్కువ, చలి ఎక్కువ. అయినా దానికే ఒప్పుకో. ఈ ఉత్తరం మీ అమ్మానాన్నలకు పూర్తిగా చదివి వినిపించాకే కంపెనీకి జవాబు రాయి.

మీ మేనత్త