పేరు కాదు అల్లుడూ, పట్టు చూసి కొను

అల్లుడూ,

శ్రీముఖలింగంలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేశావనీ, అందులో బల్ల వేసుకుని చిన్నచిన్న ఇనప పనులు, చెక్క పనులు సొంతంగా చేసుకోవాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. పనిముక్కని బిగించి పట్టే పాత వైసుల మీద మోజు పుట్టిందట, రాత్రిళ్లు ఫోనులో ఎక్కడెక్కడి వైసుల బొమ్మలో చూస్తున్నావట. వినగానే నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. మన ఇళ్లలో చేత్తో పనిచేసే అలవాటు తగ్గిపోతున్న రోజుల్లో నువ్వు బల్ల దగ్గర నిలబడతానంటున్నావు. ఫిట్టరు పనిలో జీవితం గడిపిన మావయ్యగా నీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఓపిగ్గా చదువు.

పాత వైసు కొనడం మంచి ఆలోచనే. కానీ పేరు చూసి కొనకు, పట్టు చూసి కొను. మిగతాదంతా ఈ ఒక్క మాటకి వివరణే.

పాత వైసు కోసం నువ్వు అమెరికా వైపు చూడనక్కర్లేదు. మన ప్రాంతమే వాటికి నిలయం లాంటిది. మనవాళ్లు ఎంతోమంది ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకి పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు, ఇప్పటికీ ఆ ఊళ్లో తెలుగు వినిపిస్తుంది. ఇటు విశాఖలో సింధియా కంపెనీ వారి ఓడల కర్మాగారానికి 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ పునాది వేశారు. అక్కడ తయారైన ‘జల ఉష’ను 1948లో నెహ్రూ గారు జలప్రవేశం చేయించారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్న రైలు ఉండేది. నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లులు, ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీ నడిచాయి. ఇలాంటి ప్రతిచోటా ఫిట్టర్ల బల్లల మీద వైసులు ఉండేవి. కర్మాగారం మూతపడినా, సామాను పాతబడినా అవి వేలంలో లాట్లుగా అమ్ముడుపోయి చివరికి గాజువాక ఆటోనగర్ లాంటి చోట్ల తుక్కు కొట్లకి చేరతాయి. నీ వెతుకులాట అక్కడ మొదలుపెట్టు.

వైసు మీద పంచ్‌తో కొట్టిన అక్షరాలుంటే శ్రద్ధగా చూడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అనే పేరు 1952లో పోయింది. కాబట్టి ‘బి.ఎన్.ఆర్.’ అని ఉంటే ఆ వైసు అంతకంటే పాతది. ‘ఎస్.ఇ.ఆర్.’ అని ఉంటే 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడ్డాక వేసిన గుర్తు. తూర్పు కోస్తా రైల్వే 2003లో వచ్చింది. సింధియా పేరు ఉన్న సామాను, 1952లో ఆ కర్మాగారం హిందుస్థాన్ షిప్‌యార్డ్ కాకముందు నాటిది అయివుంటుంది. ఇలా ఒక్క ముద్రతో నీ బల్ల మీది ఇనుముకి మన ప్రాంత చరిత్రతో చుట్టరికం కలుస్తుంది. సేకరణలో నాకు నచ్చే ఆనందం ఇదే.

అయితే ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రైల్వే ఆస్తిని అక్రమంగా ఉంచుకుంటే శిక్షించడానికి 1966లో ప్రత్యేక చట్టమే చేశారు. రైల్వే గుర్తున్న వైసు నచ్చితే, అది వేలంలో వచ్చిందని చూపే కాగితం అడుగు, నీ పేర బిల్లు రాయించుకో. కాగితం లేదంటే ఎంత బాగున్నా వదిలేయ్. దొంగ సొత్తు ఇంట్లోకి రాకూడదు నాయనా.

ఇక పేర్ల సంగతి. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో తయారైన రికార్డ్ వైసులు, షిప్లేలో తయారైన పార్కిన్‌సన్ వైసులు మన దేశంలో పాత వర్క్‌షాపుల్లో కనిపిస్తాయి. అమెరికా వాళ్లు మోజు పడే విల్టన్ కంపెనీని చెకొస్లోవేకియా నుంచి వలస వచ్చిన హ్యూ వోగల్ 1941లో షికాగోలో పెట్టాడు. తూటా ఆకారంలో ఉండే ఆ కంపెనీ వైసు ఒంట్లో మర పూర్తిగా దాగి ఉంటుంది, రంపపు పొడి లోపలికి పోదు. పాతవాటిలో కదిలే దవడను బయటికి లాగి అడుగున చూస్తే గ్యారంటీ ముగిసే నెల, ఏడాది కొట్టి ఉంటాయి. అందులోంచి ఐదేళ్లు తీసేస్తే తయారైన కాలం తెలుస్తుంది. జర్మనీ వాళ్ల హోయర్ వైసులు పోత ఇనుముతో కాక, సాగగొట్టిన ఉక్కుతో చేసినవి. ఇవన్నీ తెలుసుకో, తెలుసుకోవడం మంచిదే. కానీ అంత బరువు సామానుకి సముద్రం దాటించే ఖర్చు పెట్టకు. మన జలంధర్, లుధియానాల్లో తయారైన పాత వైసుల్లోనూ మంచివి బోలెడు. బెంచి వైసులకి మన దేశంలో ఐ.ఎస్. 2586 అనే ప్రమాణం ఉంది. ఆ గుర్తున్నది దొరికితే చిన్నచూపు చూడకు.

ఏ రకం కొనాలన్నది నీ పనిని బట్టి ఉంటుంది. ఆకురాయి పట్టడం, రంపంతో కోయడం, మర కోయడం, చిన్న వెల్డింగు పనికి ముక్క పట్టుకోవడం, వీటికి మామూలు బెంచి వైసు చాలు. దవడ వెడల్పు 100 మిల్లీమీటర్లో, 125 మిల్లీమీటర్లో ఉంటే ఇంటి పనికి సరిపోతుంది. 150 మిల్లీమీటర్ల వైసు చూడ్డానికి గంభీరంగా ఉంటుంది గానీ దాన్ని మోయగల బల్ల కూడా కావాలి. ఎర్రగా కాల్చిన ఇనుముని సుత్తితో వంచాలనుకుంటే మాత్రం బెంచి వైసు జోలికి పోవద్దు. అది పోత ఇనుము, దెబ్బలకి పగులుతుంది. ఆ పనికి కమ్మరి కొలిమి దగ్గర ఉండే లెగ్ వైసు వేరు. దాని పొడుగు కాలు నేలకి ఆనుకుని ఉంటుంది కాబట్టి సుత్తి దెబ్బ బల్ల మీద పడకుండా భూమిలోకి దిగిపోతుంది. డడ్లీ ఊరి పీటర్ రైట్ లాంటి వాళ్లు చేసిన పాత లెగ్ వైసులు చేత ఇనుముతో చేసినవి, తరాలు నిలిచాయి. చెక్క పనికైతే బల్ల అంచు కింద బిగించే వెడల్పాటి వడ్రంగి వైసు మేలు.

కొట్టులో వైసు కనిపించాక ఏం చూడాలో చెప్తాను, వరసగా గుర్తుపెట్టుకో.

మొదట రంగు చూడు. కొత్తగా, మెరిసేలా రంగు వేసి ఉంటే అనుమానించు. పుట్టీ పెట్టి పగులు పూడ్చి, పైన రంగు కొట్టి అమ్మేవాళ్లున్నారు. తుప్పు పట్టి, జిడ్డోడుతూ ఉన్న వైసు దాని లోపం దాచుకోలేదు. పసుపుపచ్చటి గీత కనిపిస్తే ఇత్తడితో అతికించారని, ఉబ్బెత్తు గీత కనిపిస్తే వెల్డింగు చేశారని అర్థం. పోత ఇనుముకి అతుకు నమ్మకమైంది కాదు.

తర్వాత పగుళ్లు. దవడ మెడ దగ్గర, బోల్టు చెవుల చుట్టూ, లోపల నట్టు కూర్చునే చోట, తిరిగే అడుగు ఉంటే దాని బిగింపు దగ్గర వెతుకు. అనుమానం ఉన్నచోట శుభ్రంగా తుడిచి కిరసనాయిలు రాయి. కాసేపాగి పొడిగా తుడిచేసి సుద్దపొడి చల్లు. పగులుంటే లోపలికి ఇంకిన కిరసనాయిలు పైకి ఊరి సుద్ద మీద సన్నని గీత గీస్తుంది. కదిలే దవడని బయటికి తీసి, తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టి చూడు. గట్టిది ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది.

మూడోది మర. పూర్తిగా విప్పి చివరి దాకా చూడు. దవడలు దగ్గరగా ఉండేచోటే పని ఎక్కువ జరుగుతుంది కాబట్టి అక్కడే మర అరుగుతుంది. మర అంచులు చదరంగా నిలిచి ఉంటే మంచిది, కత్తి వాదరలా పలచబడితే వద్దు. హ్యాండిల్ తిప్పే దిశ మార్చినప్పుడు దవడ కదలడానికి పావు చుట్టు పడితే పర్వాలేదు, అంతకు మించితే నట్టు అరిగినట్టే. నట్టు ఒక్కటే అరిగితే భయం లేదు, మంచి లేత్ పనివాడు కొత్తది చేసిస్తాడు. మర కూడా పోతే బేరం వదులుకో.

నాలుగోది దవడల కూడిక. పేపరు ముక్కలు రెండు తీసుకుని ఒకటి ఎడమ చివర, ఒకటి కుడి చివర పెట్టి మెల్లగా బిగించు. రెండూ ఒకేలా పట్టుబడాలి. ఒకటి జారి వస్తే దవడ వంకర తిరిగింది. పై అంచు కాస్త ముందు కలిస్తే అది దోషం కాదు, మంచి వైసులు అలాగే ఉంటాయి. దవడ ప్లేట్ల పళ్లు అరిగినా బెంగపడకు, అవి మార్చుకోదగ్గవి.

ఐదోది హ్యాండిల్. అది వంగి ఉంటే ఎవరో పైపు తొడిగి శక్తికి మించి బిగించారన్నమాట. అలాంటి దాన్ని పైన చెప్పిన పరీక్షలన్నీ మరోసారి చేసి చూడు. నువ్వు మాత్రం ఎప్పుడూ హ్యాండిల్‌కి పైపు తొడగొద్దు, సుత్తితో కొట్టొద్దు. చేతి బలానికి తగ్గట్టే దాని పొడుగు పెట్టారు.

ఇంటికి తెచ్చాక శుభ్రం చేయడంలో తొందర పడకు. విప్పి కిరసనాయిల్లో నానబెట్టు, వైరు బ్రష్‌తో రుద్దు. స్నానాల గదికి వాడే యాసిడ్ పోయకు. ఆ పొగ ఊపిరితిత్తులకి చేటు, కడిగిన గంటలోనే మళ్లీ తుప్పు లేస్తుంది. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకి దుమ్ము లేపకు. ముక్కుకి మాస్కు కట్టు, పిల్లల్ని దూరంగా ఉంచు. బట్టల సోడా నీళ్లలో కరెంటు పెట్టి తుప్పు వదిలించే పద్ధతి కూడా ఉంది. అది చేస్తే ఆరుబయటే చెయ్, స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క మాత్రం అందులో వాడకు, విషం పుడుతుంది. కంపెనీ ముద్రని, పంచ్ అక్షరాల్ని గ్రైండరుతో చెరిపేయకు. అవి పోతే ఆ వైసు ఎక్కడిదో చెప్పేది ఇంకేదీ ఉండదు.

బిగించేటప్పుడు బల్ల కాలికి సరిగ్గా మీదుగా పెట్టు. కదలని దవడ ముఖం బల్ల అంచు కంటే కొంచెం ముందుకి రావాలి, అప్పుడే పొడుగు కడ్డీని నిలువుగా పట్టుకోవచ్చు. చెక్క మరలతో సరిపెట్టకు. బల్ల కింది దాకా దిగే బోల్టులు వేసి, కింద వెడల్పాటి వాషర్లు పెట్టు. ఎత్తుకి ఐటీఐలో చెప్పే కొలత ఉంది. వైసు పక్కన నిలబడి పిడికిలి గడ్డం కింద పెట్టుకుంటే మోచెయ్యి దవడ పైకి ఆనాలి. ఇది తప్పితే నడుం నొప్పి తప్పదు.

మన పక్క సారవకోట మండలంలోనే బుడితి ఉంది. ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు, భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ ఊరి చెంబో గంటో నీ దగ్గరికి మరమ్మతుకి వస్తే నేరుగా వైసు పళ్ల మధ్య బిగించకు. అల్యూమినియం యాంగిల్ ముక్కలో, రాగి రేకో వంచి దవడలకి తొడుగు. చేతి పనివాళ్లు కొట్టి నునుపు చేసిన ఒంటి మీద నీ వైసు గాటు పడకూడదు.

వంశధార ఒడ్డు గాలికి తుప్పు త్వరగా పడుతుంది. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి మరకి గ్రీజు, జారే చోట నూనె రాయి. రోజూ పని అయ్యాక పొడి తుడిచేయి. దవడలు పూర్తిగా బిగించి వదలకు, పలచటి సందు ఉంచు.

ఆఖరి మాట ఒకటి. మోజు పెరిగితే ఒకటి తర్వాత ఒకటి కొంటూ పోతావు. షెడ్డు నిండా వైసులు, పని మాత్రం సున్నా. అలా కానివ్వకు. రోజూ వాడటానికి ఒక బెంచి వైసు, అవసరమైతే దెబ్బల పనికి ఒక లెగ్ వైసు, అంతే. అంతకు మించి దొరికినవి బాగుచేసి, ఐటీఐ చదువుతున్న కుర్రాడికో, పని మొదలెట్టిన మెకానిక్‌కో ఇచ్చేయ్. నీ షెడ్డు తలుపు తెరిచి ఉంచు. మన గుంటలు నలుగురు వచ్చి నీ వైసు దగ్గర ఆకురాయి పట్టడం నేర్చుకుంటే, నువ్వు కొన్న వైసు ధర ఆ రోజే తీరినట్టు. తప్పకుండా నేర్పించు నాయనా.

మీ మావయ్య