గీత ఎటు సాగుతోంది?

అంగన్‌వాడీలో పాపను తూకం వేయగానే తల్లి అడిగేది "ఎన్ని కిలోలుంది?" అని. వెంటనే పక్కింటి పిల్లాడితో పోల్చుకుని దిగులుపడుతుంది. కానీ ఒక్క తూకం చెప్పేది తక్కువ. నెలనెలా ఎదుగుదల కార్డు మీద బరువుకు పెట్టిన చుక్కలు కలిపితే వచ్చే గీత చెప్పేది ఎక్కువ. సన్నగా ఉన్నా గీత పైకి సాగుతుంటే చాలావరకు దిగులక్కర్లేదు. బొద్దుగా కనిపించే బిడ్డ గీత రెండు మూడు నెలలు అడ్డంగా నిలిచిపోతే మాత్రం ఆరా తీయాలి: విరేచనాలు పట్టుకున్నాయా? ఆరో నెల దాటినా పాలతోనే సరిపెడుతున్నామా?

బిడ్డ పొట్టిగా ఉంటే "మన పిల్లలు ఇంతేలే" అనే మాటను నేను ఒప్పుకోను. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాల కోసం ఆరు దేశాల పిల్లలను కొలిచారు. వారిలో మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. తల్లిపాలు, మంచి తిండి, శుభ్రత అందిన చోట అయిదేళ్లలోపు పిల్లలు దాదాపు ఒకేలా పొడవు పెరిగారు.

అందుకే బరువుతోపాటు పొడవూ కొలిపించండి. రెండేళ్లలోపు బిడ్డనైతే పడుకోబెట్టి, ఆ తర్వాత నిలబెట్టి కొలవాలి. తూకానికి ముందు మందపాటి బట్టలు, చెప్పులు తీసేయండి. గీత కిందికి వంగితే వచ్చే నెల దాకా ఆగకండి, ఆ వారమే డాక్టరుకు చూపించండి.