జాతరకొక జత

పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో గుడ్డలు తీయడానికి తేదీలుండేవి. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో మే నెల ఎండల్లో వచ్చే తిరుపతి గంగమ్మ జాతర, మదనపల్లె చుట్టుపక్కల సంక్రాంతి, ఉగాది. ఇంట్లో పెండ్లి కుదిరితే ఆ లెక్క వేరు. జూన్‌లో బడి తెరిచేటప్పుడు పిల్లల యూనిఫారాలు మరో ఖర్చు. ఇవి తప్పితే గుడ్డలంగడి గడప తొక్కే పని పెద్దగా ఉండేది కాదు. తేదీ వచ్చినా చేతిలో డబ్బుండాలి. అందుకు వేరుశనక్కాయలు అమ్ముడుపోవాలి, పట్టుగూళ్ళకు రేటు రావాలి, టమాటా కరుణించాలి. మదనపల్లె మార్కెట్లో 2023 జూలైలో టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు పోయింది. కోత కూలి కూడా గిట్టక కాయను రోడ్డు పక్కన పారబోసిన ఏడాదులూ ఆ రైతులు చూశారు. మా వైపు ఇంట్లో కొత్త గుడ్డల వాసన వచ్చేదీ రానిదీ మండీలో పలికిన ధరను బట్టే.

దీన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. ఒంటిమీద ఒకటి, దండెం మీద ఒకటిగా బతకడం పేదరికమే. జాతరనాడు పిల్లలకు మాత్రం తీసి, పెద్దవాళ్ళు ఉతికిన చీరే కట్టుకున్న ఇళ్ళు ఎన్నో. ఇప్పుడు అమెరికాలో కూర్చుని ఆ లేమికి నిరాడంబరత అని పేరు పెడితే, ఆ ఇల్లాళ్ళను వెక్కిరించినట్టే. కాకపోతే ఆ లేమిలోంచి ఒక నేర్పు పుట్టింది. లేమి పోయింది, మంచిదే. నేర్పు ఎందుకు పోవాలి?

ఆడపిల్లకు పట్టుపావడ కుట్టిస్తే అడుగున రెండు మూడు టక్కులు వేయించేవాళ్ళు. పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కో టక్కు విప్పుకుంటూ పోయేవాళ్ళు. విప్పిన చోట రంగు కొంచెం ముదురుగా ఒక గీత కనిపించేది, దాన్ని ఎవరూ నామోషీగా చూసేవాళ్ళు కాదు. రవిక పక్క కుట్లలో గుడ్డ వదలమని దర్జీకి ఒకటికి రెండుసార్లు చెప్పేవాళ్ళు. అమ్మ పెండ్లిచీర మడతల దగ్గర చిట్లితే అంచు విప్పి కొత్త గుడ్డకు వేసుకునేవాళ్ళు, మిగిలిన పట్టు చిన్నదానికి పావడయ్యేది. నూలుచీర మెత్తబడేకొద్దీ గిరాకీ పెరిగేది. ముందు పురిటింటికి, పసిబిడ్డ ఉయ్యాలకు పోయి, తర్వాత బొంతలో చేరి, ఆఖరికి పొయ్యి దగ్గర మసిగుడ్డయ్యేది. అప్పటికీ ఏమైనా మిగిలితే స్టీలు సామాన్ల అతనితో గిన్నె కోసం అరగంట బేరం. అంగట్లో చీర విప్పి చూసేటప్పుడే దాని జీవితమంతా ఆ ఇల్లాలి లెక్కలో ఉండేది.

ఇక అమెరికాలో ఉన్న మన సంగతి. ఇక్కడ పిల్లల బడులకు సెలవులు జూన్ నుంచి ఆగస్టు దాకా. ఇండియా ప్రయాణం అప్పుడే పడుతుంది, సరిగ్గా అప్పుడే అక్కడ ఆషాఢం తగ్గింపులు. కుప్పం వైపైతే తమిళనాడు నుంచి ఆడి తగ్గింపుల ప్రకటనలూ తోడవుతాయి. అదీ చాలకపోతే రైలెక్కి బెంగుళూరు చిక్‌పేటకు పోవచ్చు. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. ఆ బరువు నింపకపోతే టికెట్ డబ్బు దండగైనట్టు మనకొక బాధ. ఉన్న నాలుగు రోజుల్లోనే వచ్చే ఏడాది పండగలను, ఎవరిదో తెలియని పెండ్లిని, ముహూర్తమే పెట్టని హాఫ్‌శారీ ఫంక్షన్‌ను ఊహించుకుని కొంటాం. తిరిగొచ్చి సర్దుకునేలోపు నవంబరులో థాంక్స్‌గివింగ్ మరునాటి శుక్రవారం తగ్గింపులు వచ్చేస్తాయి. క్రిస్మస్ పోగానే చలికోట్లకు సగం ధర. రెండు దేశాల తగ్గింపులూ మనవే. జాతరకు తీసిన గుడ్డకు కట్టుకునే రోజు ముందే ఉండేది. తగ్గింపులో తీసినదానికి ఆ రోజును మనం వెతికిపెట్టాలి, దొరకదు.

దీనికి ఆజ్యం పోసేవి రెండు. ఒకటి ఫోటో. ఒకసారి ఫేస్‌బుక్‌లో పడిన చీర మళ్ళీ ఆ గుంపులోకి కట్టుకుపోవడానికి పనికిరాదని మనకు మనమే ఒక నియమం పెట్టుకున్నాం. రెండోది వాట్సాప్‌లో వచ్చే రంగు. సీమంతానికి పీచ్, గృహప్రవేశానికి ఆలివ్ గ్రీన్, పుట్టినరోజుకు పేస్టల్స్. పిలిచేవాళ్ళకు ఫోటో బాగా రావాలన్న సరదా. పిలుపందుకున్న 40 ఇళ్ళలో 30 ఇళ్ళు ఆ రంగు కోసం కొత్తగా కొంటాయన్న సంగతి వాళ్ళకు తట్టదు. మొహమాటం మన జాతి లక్షణం కాబట్టి ఎవరూ పైకి అనరు, ఆర్డర్ పెట్టేస్తారు.

మా వైపు వాళ్ళకు పరదేశమంటే అమెరికా ఒక్కటే కాదు. మదనపల్లె, పీలేరు, రాయచోటి పల్లెల నుంచి ఇంటిపనుల కోసం కువైట్‌కు పోయిన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు సెలవుకు వచ్చేటప్పుడు తెచ్చే పెట్టెను గమనించండి. ఇది చెల్లెలికి, ఇది మేనకోడలికి, ఇది కష్టానికి అప్పిచ్చిన పక్కింటి వదినకు అని అందులో ప్రతి గుడ్డకూ ఒక మనిషి ఉంటుంది. కొనేటప్పుడు మనసు పెట్టడమంటే ఏమిటో నేర్చుకోవడానికి మనం ఖరీదైన పుస్తకాలు చదువుతున్నాం. అది ఈ పెట్టెలో ఎప్పటినుంచో ఉంది.

మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు పేరున్న చోటు. అక్కడ మగ్గం మీదున్న చీర అంతకు ముందు ఏమేమి దాటి వచ్చిందో ఒకసారి తలుచుకోవాలి. కుప్పం, పలమనేరు, మదనపల్లె చుట్టూ బోరు కింద మల్బరీ పెంచే రైతులున్నారు. పట్టుపురుగు నాలుగు వారాలకు కాస్త అటూఇటుగా ఆకు మేసి, మధ్యలో నాలుగుసార్లు కుబుసం విడిచి, చంద్రికలనే చట్రాల మీద గూడు కడుతుంది. ఆ రోజుల్లో రైతు ఇంట్లో రాత్రి కూడా నిద్ర అంతంతమాత్రం. ఆరేడు కిలోల పచ్చిగూళ్ళు తీస్తే కిలో పట్టుదారం వస్తుంది. దాన్ని ఉడకబెట్టి జిగురు తీస్తే బరువులో సుమారు నాలుగోవంతు పోతుంది. ఆపైన రంగు, పడుగు, కండెలు, జరీ, నేత. అంచు, కొంగుల పనిని బట్టి నాలుగైదు రోజుల్లో దిగే చీరా ఉంటుంది, వారాలు పట్టే చీరా ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుట్టందే మగ్గం ఆడదు, వాళ్ళ కూలిని మాత్రం ఎవరూ విడిగా లెక్కగట్టరు.

ఇంత పని పట్టిన వస్తువు ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ బల్ల మీదకు మామూలుగా రాదు. వచ్చిందంటే చాలావరకు అది మరమగ్గం మీద కృత్రిమ దారంతో నేసిందై ఉంటుంది. దాన్ని దాని పేరుతో అమ్మితే తప్పేమీ లేదు, దానికీ కూలిచేసిన మనిషి ఉన్నాడు. పట్టు అని, చేనేత అని అమ్మితేనే తప్పు. కొన్ని రకాల నేతను చేతిమగ్గాలకే వదిలేస్తూ 1985లో కేంద్రం చట్టం చేసింది. స్వచ్ఛమైన పట్టుకు 2004 నుంచి సిల్క్ మార్క్, చేనేతకు 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నాయి. టమాటా కొనేటప్పుడు నాలుగు కాయలు నొక్కి చూసే మనం వేలు పోసి చీర కొనేటప్పుడు ఆ గుర్తు ఉందా అని అడగం. దారం పోగు కాల్చి చూసినా తెలుస్తుంది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పాలిస్టరైతే కరిగి ముద్ద కడుతుంది.

తక్కువ కొనమంటే నేతగాళ్ళ నోట్లో మట్టి కొట్టడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన మాటే. ఆషాఢంలో ఆరు చీరలకు పెట్టే డబ్బుతో ఒకే ఒక్క మగ్గం చీర తీసుకుంటే మన బీరువాలో ఐదు తగ్గుతాయి, నీరుగట్టువారిపల్లెలో ఒక ఇంటికి పని దొరుకుతుంది. నేతగాడికి ఎక్కువ దెబ్బ తగిలింది తక్కువ కొనేవాళ్ళ వల్ల కాదు, చేనేత పేరు చెబితే నమ్మి నకలు కొని మురిసిపోయేవాళ్ళ వల్ల. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవానికి మనం పెట్టే ఫోటోల్లో ఎన్ని నకళ్ళున్నాయో దేవుడికెరుక.

తక్కువ అంటే ముతకగా, అందం లేకుండా అని కాదు. మదనపల్లెలో 1895లో పుట్టిన తాత్వికుడు జిడ్డు కృష్ణమూర్తి లండన్‌లో సావిల్ రో వీధిలోని హంట్స్‌మన్ దర్జీల దగ్గర సూట్లు కుట్టించుకునేవాడు, ఇండియాకు వస్తే కుర్తాలోకి మారేవాడు. జీవితమంతా గమనిక గురించి మాట్లాడిన మనిషి తన చొక్కా మడతను, బూట్ల మెరుపును గమనించకుండా వదలలేదు. సన్యాసి అంటే ఇలాగే ఉండాలనుకునే వాళ్ళకు ఇది మింగుడుపడదు. నాకు మాత్రం ఇందులో వైరుధ్యం కనిపించదు. ఉన్నదాన్ని పట్టించుకునేవాడికి ఎక్కువ అక్కర్లేదు.

చిన్న బీరువా కూడా ఈ మధ్య ఒక ఫ్యాషనైంది. ఉన్న బట్టలన్నీ సంచుల్లో కట్టి పారేసి, తెలుపు, బూడిద, గోధుమ రంగుల్లో 30 కొత్తవి కొని బీరువా ఫోటో పెడతారు. మన పుంగనూరు ఆవుకు జరిగిందీ ఇదే. కరువు నేలకు తగ్గట్టు తక్కువ మేతతో బతికి, వెన్న ఎక్కువున్న పాలిచ్చే ఆ పొట్టి జాతి ఒకప్పుడు అంతరించిపోయే దశకు వచ్చింది. ఇప్పుడు లక్షలు పోసి కొని హాల్లో తిప్పుకునే హోదా అయింది. పొదుపు కోసం పుట్టినదాన్ని ఆడంబరం చేయడంలో మనుషులకు సాటి లేదు. ఉన్నవాటిని పారేసి మొదలుపెట్టే పొదుపును నేను నమ్మను.

పారేసినవి ఎక్కడికి పోతాయో కూడా చూడాలి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం 2018లో ఈ దేశంలో 1.7 కోట్ల టన్నుల బట్ట చెత్తగా తేలితే, అందులో 1.13 కోట్ల టన్నులు నేలలో పూడ్చారు. దానం పెట్టెలో వేసినవాటిలో చాలా భాగం మూటలు కట్టి ఓడలెక్కుతుంది. కొంత గుజరాత్‌లోని కాండ్లాకు చేరి అక్కడ వేరుపడుతుంది. ఉన్ని బట్ట పానిపట్‌లో చీలికలై మళ్ళీ దారమై కంబళి అవుతుంది. మన చేతి నుంచి జారిన స్వెటర్ మనకన్నా ముందే స్వదేశం చేరుతుందన్నమాట.

చేయగలిగింది పెద్దదేమీ కాదు. ఇక్కడ రుతువులు నిక్కచ్చిగా మారతాయి కాబట్టి మనకొక వసతి ఉంది. ఉగాది నాటికి కోట్లు పైకి పోతాయి, దసరా నాటికి కిందికి దిగుతాయి. ఆ రెండు సర్దుళ్ళప్పుడే బీరువా మొత్తం మంచం మీద పోయండి. పట్టుచీరలు మడత మార్చి, ప్లాస్టిక్ కవర్లోంచి తీసి నూలుగుడ్డలో చుట్టండి. ఒకే గీత మీద ఏళ్ళ తరబడి ఉంటే పట్టు అక్కడే చిట్లుతుంది. కుట్టు విప్పాల్సిన రవికలు, గుండీ ఊడిన చొక్కాలు పక్కకు పెట్టండి, చాలావరకు కొత్తవి అక్కర్లేదని అప్పుడే తేలుతుంది. ఏడాదిగా ఒంటిమీదకు రానివి ఎందుకు రాలేదో ఆలోచించండి. నిజంగా కావలసింది కాగితం మీద రాయండి. ఇండియా పెట్టెలో ఆది రవికతో పాటు ఆ కాగితం పెట్టుకోండి, అంగట్లో దాన్ని బయటికి తీయండి. బంగారు రంగుదొకటి, నల్లదొకటి, మెరూన్ ఒకటి మంచి రవికలుంటే డజను చీరలకు సరిపోతాయన్నది ఆడవాళ్ళందరికీ తెలుసు, పాటించేవాళ్ళు తక్కువ. మగవాళ్ళూ తప్పించుకోలేరు. ఒక్కో పెండ్లికి ఒక్కో షేర్వాణీ కొని రెండోసారి తొడగని వాళ్ళు మన తెలుగు సంఘంలోనే ఉన్నారు.

పిల్లల లంగా ఓణీలు, షేర్వాణీలైతే ఏడాదికే పొట్టయిపోతాయి. టక్కులు వేసే దర్జీలు ఇక్కడ దొరకరు, కానీ మన సంఘంలో అన్ని వయసుల పిల్లలూ ఉన్నారు. ఉగాది కార్యక్రమం రోజు హాల్లో ఒక బల్ల వేయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఎదిగిన పిల్లవి ఉతికి తెచ్చి పెడదాం, సరిపోయినవి తీసుకుపోదాం. ఎవరివి ఎవరు తీసుకున్నారని ఆరా తీయవద్దు. పోయిన దసరాకు కట్టిన చీరే కట్టుకుని ఎవరైనా వస్తే, అది పాతది కదా అని గుర్తుచేయవద్దు. ఆహ్వానపత్రంలో వేళ, చోటు, భోజనం సంగతి రాస్తే చాలు. దయచేసి రంగు రాయకండి.