చౌక గుర్రం

మా అక్కయ్య కొడుకు ఆ ఏడు దసరాకి నన్ను పెద్ద ఇరకాటంలో పెట్టాడు.

2023 జూలై, ఆగస్టుల్లో టమోటా ధర ఎక్కడికి పోయిందో మీకు గుర్తుండే ఉంటుంది. కిలో నూరు దాటిందని మనం చారులోకి ఒక్క పండుతో సరిపెట్టుకున్న ఆ రోజుల్లోనే, మదనపల్లె మార్కెట్టుకి సరుకు తోలిన రైతులు కొందరు చాలా ఏళ్ళ తర్వాత మనసారా నవ్వారు. అలా నవ్వినవాళ్ళలో గుర్రంకొండలో ఉన్న మా బావ కూడా ఒకరు. పాత అప్పులు తీరాయి. అక్కయ్య గాజులు తాకట్టులోంచి ఇంటికొచ్చాయి. ఇంకా కాస్త మిగిలింది. ఆ మిగిలినదాని మీద మావాడి కన్ను పడింది.

వాడికి మోటారు సైకిలు కావాలి. ఏదో ఒకటి కాదు. ముందుకి వంగి, ట్యాంకు మీద పడుకున్నట్టు కూర్చుని నడిపే పందెపు బండి.

"చిన్నమ్మా, నువ్వే నాయనకు చెప్పల్ల. నువ్వు చెప్తే ఇంటాడు" అన్నాడు.

"దుడ్లు చేతికొచ్చేకొందికి గుర్రం కావాల్నంట వీడికి!" అంది అక్కయ్య వంటింట్లోంచి, చేటలో బియ్యం ఏరుతూ.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందన్న సామెత నా నాలిక చివరిదాకా వచ్చింది. కానీ మింగేశాను. ఎందుకంటే వాడు చెప్పింది వింటే నాకే సరదా వేసింది. యమహా వాళ్ళకి ఆర్1 అని వెయ్యి సీసీ బండి ఉందట. 2018లో మన దేశంలో దాని ధర ఇరవై లక్షలు దాటింది. అంత డబ్బు మనలాంటి వాళ్ళకి ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని 2008లో అదే పోలికతో, నూటయాభై సీసీతో, ఆర్15 అని ఒకటి తెచ్చారు. అప్పట్లో లక్ష లోపే. తర్వాత దాన్లోనే ఇంకాస్త చౌకగా 'ఎస్' అని మరొకటి. డిగ్రీ పాఠాలు కూడా వీడు ఇంత శ్రద్ధగా అప్పజెబుతాడో లేదో!

లేనివాడికి కోరిక ఉండకూడదా? ఉన్నవాడి కోరికని 'అభిరుచి' అంటాం, లేనివాడి కోరికని 'వాత' అంటాం. న్యాయం కాదు కదూ? పట్టుచీర కొనలేని మనిషి పట్టులా కనిపించే చీర కట్టుకుంటే నవ్వే హక్కు మనకెవరిచ్చారు? ఖరీదైనదాన్ని అందుబాటులోకి తేవడం తప్పు కాదని నేను వాడి పక్షమే వహించాను.

మరి చిక్కెక్కడ వచ్చిందంటే, ధర తగ్గాలంటే ఏదో ఒకటి తగ్గించాలి. ఏది తగ్గిస్తాం?

దానికీ వాడి దగ్గరే కథ ఉంది. 1983లో మన దేశంలో రాజ్‌దూత్ 350 అని ఒక బండి వచ్చింది. జపాను వాళ్ళ యమహా ఆర్‌డీ 350 కి అది మన దేశపు రూపం. అసలు బండి 39 అశ్వశక్తి. ఇక్కడ దాన్ని 30.5కి దించారు, తర్వాత పెట్రోలు ఆదా కోసం 27కి దించినది కూడా చేశారు. అంతవరకు బాగానే ఉంది. ముందు చక్రానికి ఉండే డిస్కు బ్రేకు తీసేసి, దాని బదులు డ్రమ్ము బ్రేకు పెట్టారు. అయినా అది ఆనాటి మన రోడ్ల మీద మహా వేగమైన బండి. పరుగు చాలావరకు మిగిలింది, పట్టు మారింది.

"అదేమిట్రా! పరుగు అలాగే ఉంచి బ్రేకు మార్చడమేమిటి?" అన్నాను.

"బ్రేకు ఎవురికి కనపడ్తాది చిన్నమ్మా?" అన్నాడు వాడు.

ఆ మాట నాకు పట్టుకుంది. నిజమే. పెళ్ళిలో వడ్డనకి రకాలు తగ్గించం, ఆనక ఇంట్లో పాలు తగ్గిస్తాం. ముందు గదిలో సోఫా వేస్తాం, మెట్లకి పట్టుకునే కమ్మీ వేయించం. కనిపించేది ఉంచి, కాపాడేది తగ్గించుకోవడం మనకి అలవాటైపోయింది.

మావాడి ఎంపికా అలాగే ఉంది. వాడి మనసు పడ్డది కొత్త ఆర్15 ఎస్ మీద కాదు. 2016 నాటి ఒక పెద్ద బండి, ఎవరో వాడి అమ్ముతున్నది, చూపుకి అదిరిపోయేది. కానీ దానికి ఏబీఎస్ లేదు. గబుక్కున బ్రేకు నొక్కితే చక్రం బిగుసుకుపోయి బండి జారకుండా, పట్టుని క్షణంలో ఎన్నోసార్లు సడలించి బిగించే ఏర్పాటు అది. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. అంతకంటే చిన్న బండ్లకి మాత్రం రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు చాలన్నారు అప్పట్లో. చిన్న బండివాడి ప్రాణం చిన్నదా అని అడగాలనిపిస్తుంది నాకు.

"మీరంతా మీ భయం గురించే మాట్లాడ్తారు. నా ఇష్టం ఏందని ఎవురూ అడగరు" అని వాడు మొహం ముడుచుకున్నాడు. అదీ నిజమే. నా దగ్గర జవాబు లేకపోయింది.

వంటింట్లోకి వెళ్ళాను. అక్కయ్య ఇంకా బియ్యం ఏరుతూనే ఉంది. చూడటం లేదు, వేళ్ళతో తడుముతోంది. చేటని పక్కకి తిప్పి, తలొంచి, ఎడమ కన్నుతో చూస్తోంది.

"కుడికంటికి ఏమైంది?"

"పొరంట. ఆపరేషన్ చెయ్యల్లన్నారు. రెండేండ్లాయ. పంటొచ్చినాక చూస్తామంటి."

"పంట వచ్చిందిగా?"

"పిల్లోడు ఆశ పడ్తా ఉండాడు. వాడికి చెప్పొద్దు."

చూశారా! ఈ ఇంటి బండికి కూడా బ్రేకు తీసేసి ఉంది. తీసింది కంపెనీ కాదు, అమ్మ.

దీన్ని మనం త్యాగం అంటాం. కథల్లో రాసి కళ్ళు తుడుచుకుంటాం. నేనూ రాశాను. కానీ ఆ పూట నాకు వేరేలా తోచింది. ధర తగ్గించడం తప్పు కాదు. ఏది తగ్గించామో అనుభవించేవాడికి చెప్పకపోవడం తప్పు. బండి అమ్మేవాడు దాస్తే మోసమంటాం. అమ్మ దాస్తే ప్రేమంటాం. కానీ రేపు ఆ సంగతి తెలిసిన రోజున వాడు ఆ బండి ఏ మొహంతో ఎక్కుతాడు? వాడికి తెలియకుండా వాణ్ణి అప్పులవాణ్ణి చేసే హక్కు అక్కయ్యకి మాత్రం ఉందా?

వద్దన్నా చెప్పేశాను. అక్కయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మావాడు మాత్రం చాలాసేపు కొండవైపు చూస్తూ అరుగు మీద కూర్చుండిపోయాడు.

ఆ కొండకొక కథ ఉంది, మీరు వినే ఉంటారు. కోటని ఒక గుర్రం కాపలా కాసేదట. అది అక్కడున్నంతకాలం కోట ఎవరికీ లొంగదని నమ్మకం. ఒక మరాఠా నాయకుడు ఏటవాలు బండ ఎక్కి ఆ గుర్రాన్ని దొంగిలించాడట. కొండ దిగేలోపే దొరికిపోయాడు. అయినా మహిమ పోయింది, ఆ తర్వాతి దాడిలో కోట పడిపోయింది. చిన్నప్పుడు విన్నప్పుడు గుర్రం ఎంత వేగంగా పరిగెత్తేదో అని ఊహించుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే, కథలో ఎక్కడా అది పరిగెత్తినట్టే లేదు. కాపలా కాసింది, అంతే.

ఆపరేషన్ అయింది. మిగిలినదాంట్లో కొంత ముందు కట్టి, కొంత వాయిదాల మీద సంక్రాంతికి కొత్త ఆర్15 ఎస్ తెచ్చాడు. వాయిదాలకని సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెబుతున్నాడు. ఆ చౌక రకంలో తగ్గించింది ఏమిటంటే, రెండు ముక్కలుగా, వెనక ఎత్తుగా ఉండే పందెపు సీటు తీసేసి, కలిసి ఉన్న ఒకే సీటు పెట్టారు. షోకు కొంచెం తగ్గిందని వాడికి బాధే.

ఆ సీటు మీదే వాడి వెనక కూర్చుని, రెండు కళ్ళతో కొండ చూసొచ్చిందట అక్కయ్య. దారి పొడుగునా "నిదానంగా పో నాయనా" అంటూనే ఉందట.