చప్పుడు ఎవరికి వినబడుతుంది?

మా ఇంట్లో ఉన్నది సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్. ఒక పక్క ఉతికే తొట్టి, ఇంకో పక్క పిండే తొట్టి. ఈ రెండోదాన్ని నల్లగొండలో అందరూ డ్రయ్యర్ అనే అంటారు. నిజానికి అది బట్టల్ని ఆరబెట్టదు. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగి నీళ్లు పిండేస్తుంది, అంతే. మిగతా పని మా ఎండ చూసుకుంటుంది. పోయిన సంక్రాంతికి ముందు ఒక ఆదివారం ఈ డ్రయ్యర్ చప్పుడు చేయడం మొదలుపెట్టింది. మొదలుపెట్టింది అంటున్నాను కానీ, ఆ రోజు మొదలైంది నాకు వినబడడం మాత్రమే. ఈ రెండూ ఒకటి కాదని తెలుసుకోవడానికి నాకు మరో రెండు వారాలు పట్టింది.

మామూలు రోజుల్లో బట్టలు వేసేది మా ఇంట్లో పనిచేసే అక్క. ఆమె వచ్చే వేళకు నేను కాలేజీకి వెళ్లిపోతాను. ఆ ఆదివారం ఆమె ఊరికి పోయింది కాబట్టి నేనే వేశాను. స్విచ్ తిప్పగానే లోపలి తొట్టి పక్కకు ఊగి గోడను ధన్ ధన్ మని కొట్టింది. వేగం అందుకున్నాక కొంచెం తగ్గింది. ఆగేటప్పుడు మళ్లీ కొట్టింది. బట్టలు ఒక పక్కకే చేరాయేమోనని తీసి, సమంగా సర్ది, పైన ప్లాస్టిక్ మూత పెట్టి తిప్పాను. అదే చప్పుడు. మొత్తం తీసేసి ఖాళీగా తిప్పాను. అప్పుడూ కొట్టింది. అంటే తప్పు బట్టల్లో లేదు, తొట్టిని మోసే దాంట్లో ఉంది. ఇది తేల్చుకోవడానికి డాక్టరేట్ అక్కర్లేదు.

గడియారం సెంటర్ దగ్గరి నుంచి మెకానిక్‌ను పిలిపించాను. అతను మూత ఎత్తి చూసి, "ఓవర్‌లోడ్ ఏస్తున్నరు మేడం, మోటర్ పోతది" అన్నాడు. ఖాళీగా తిప్పినా కొడుతోంది, ఒకసారి తిప్పి చూడండి అన్నాను. తిప్పలేదు. "సార్ లేరా? సార్ ఉన్నప్పుడు వస్త" అని వెళ్లిపోయాడు. రాత్రి మా ఆయన ఫోన్ చేసి, "ఖాళీగా ఉన్నా కొడుతోందట" అన్నాడు. ఆ యంత్రంలో ఆయన ఇంతవరకూ ఒక్క చొక్కా వేసి ఎరగడు. అది నా వాక్యమే, చివర ఒక 'ట' చేరింది. మర్నాడు మెకానిక్ పనిముట్ల సంచితో వచ్చాడు.

వెనక రేకు విప్పితే సంగతి తెలిసింది. డ్రయ్యర్ మోటారు మూడు స్ప్రింగుల మీద నిలబడి ఉంటుంది. వాటికి రబ్బరు తొడుగులుంటాయి. తొట్టి ఊపును మింగేవి అవే. ఒకదాని రబ్బరు చిరిగి పొడి రాలుతోంది. మోటారు ఆ పక్కకు ఒరిగింది. వేగం ఎక్కేటప్పుడు, తగ్గేటప్పుడు తొట్టి ఎక్కువగా ఊగుతుంది కాబట్టి అప్పుడే గోడకు తగులుతోంది. దానికి తోడు బ్రేకు తీగ సరిగ్గా లాగడం లేదు. మూత వేస్తే బ్రేకు పూర్తిగా వదలాలి, ఇది సగమే వదిలి రాసుకుంటోంది. మూడు స్ప్రింగులూ రబ్బర్లతో సహా మార్చి, తొట్టినీ మోటారునూ కలిపే బోల్టు బిగించి, తీగ సవరించాడు. మోటారుకు ఏమీ కాలేదు. పోతూ పోతూ, "మస్తు రోజుల సంది ఇట్లనే నడిపినట్టున్నరు" అన్నాడు.

ఆ మాట నేను పట్టించుకోలేదు. నా కోపం నాకుంది. మర్నాడు అక్క రాగానే జరిగింది చెప్పి, ఆడవాళ్ల మాటంటే ఎంత లెక్కలేనితనమో చూడు అన్నాను. ఆమె చీపురు పక్కన పెట్టి నవ్వింది.

"నేను దసరప్పుడే చెప్పిన గద మేడం, కింద గుద్దుతున్నదని. ఎక్కువ ఏస్తున్నవేమో అని మీరు గూడ గట్లనే అంటిరి."

నాకు గుర్తొచ్చింది. పరీక్ష పేపర్లు దిద్దుతూ, తలెత్తకుండా అన్నాను. మరి ఇన్ని రోజులూ ఏం చేశావు అంటే, "ఖరాబైతే నా మీదికే వస్తదని బుగులైంది. దుప్పట్లు, జీన్సు ప్యాంట్లు చేతులతోనే పిండిన" అంది. దసరా నుంచి సంక్రాంతి దాకా మూడు నెలలు. ఆ మూడు నెలలూ మా దండెం మీద బట్టలు ఎప్పటిలాగే ఆరాయి. కాబట్టి మా ఇంట్లో డ్రయ్యర్ బాగానే ఉందని నేను అనుకున్నాను.

మిరాండా ఫ్రికర్ అనే తత్వవేత్త 2007లో ఒక పుస్తకం రాసింది. చెప్పే మనిషి ఎవరన్న దాన్నిబట్టి, ఒక దురభిప్రాయంతో ఆ మాటకు ఇవ్వవలసిన నమ్మకాన్ని తగ్గించి ఇవ్వడం ఒక అన్యాయమని, అది ఆ మనిషిని తెలుసుకోగల మనిషిగానే అవమానించడమని ఆమె వాదన. మెకానిక్ వెళ్లిపోయిన రోజు నాకు ఈ పుస్తకమే గుర్తొచ్చింది. నన్ను నేను అందులో బాధితురాలి స్థానంలో సులభంగా కూర్చోబెట్టుకున్నాను. రెండో కుర్చీలో కూడా నేనే ఉన్నానని అక్క చెప్పేదాకా తోచలేదు. మెకానిక్‌కు నేను ఆడమనిషిని. నాకు అక్క పనిమనిషి. ఇద్దరం వాడిన మాట ఒకటే: ఎక్కువ వేశారు. ఆ మాటలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, అది యంత్రం గురించిన ప్రశ్నను మనిషి మీద ఆరోపణగా మార్చేస్తుంది. ఇక యంత్రం విప్పి చూడనక్కర్లేదు.

నా సిగ్గుకు ఇంకో కారణం ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివి పరిశోధనలోకి వచ్చినదాన్ని నేను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో చెప్పుకున్న చరిత్ర అది. ఆనాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిలో, కౌలు భూమి పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచిన చాకలి ఐలమ్మ మాట కూడా అందులో ఉంది. టేపు రికార్డరు పట్టుకుని ఎందరో పెద్దమ్మల ముందు గంటల తరబడి ఓపిగ్గా కూర్చున్నాను. మా వంటింటి గడపలో నిలబడి చెప్పిన ఒక్క వాక్యం మాత్రం వినలేదు.

అక్కది కూడా చాకలి కులమే. అందుకే ఆమెకు బట్టల సంగతి తెలుసు అని రాయబోయి ఆగిపోయాను. పుట్టుకతో పని అంటగట్టి, ఆ పనికి కూలి ఎగ్గొట్టిన వెట్టి కూడా ఇలాంటి మాట మీదే నడిచింది. ఆమెకు తెలిసింది కులం వల్ల కాదు. వారానికి నాలుగు రోజులు ఆ యంత్రం పక్కన నిలబడేది ఆమె కాబట్టి తెలిసింది.

ఇంట్లోకి యంత్రాలు వస్తే చాకిరీ తగ్గుతుందనే నమ్మకం మనలో చాలామందికి ఉంది. అమెరికాలో ఉద్యోగం చేయని గృహిణులు 1924లో వారానికి సుమారు 52 గంటలు, 1960లలో 55 గంటలు ఇంటిపని చేశారని జోన్ వానెక్ 1974లో చూపించింది. మన దేశంలో 2019 నాటి సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఈ అంకెలు నేను తరగతిలో చెబుతుంటాను. నా వాటా నిమిషాల్లో కొన్నింటిని తక్కువ జీతానికి ఇంకో స్త్రీ చేతుల్లో పెట్టాను కాబట్టే వాటి గురించి చదివే తీరిక నాకు దొరికింది. యంత్రం చెడినప్పుడు ఆ భారం మా ఇంట్లో ఎవరి మీదా పడలేదు, ఆమె మణికట్ల మీద పడింది.

క్షమించమన్నాను. "గదేముంది మేడం" అంది. ఆ మాట క్షమాపణను ఒప్పుకోవడమో, పని పోగొట్టుకోకుండా ఉండే జాగ్రత్తో నాకు తెలియదు. జీతం ఇచ్చే మనిషి అడిగితే ఇంకేం అనగలదు? మూడు నెలల అదనపు పనికి డబ్బు ఇచ్చాను. తీసుకుంది, లెక్కపెట్టుకుంది. "ఇంకోసారి ఖరాబైతే పైసలు నాకెందుకు, జెల్ది బాగుచేపియ్యున్రి" అంది. ఇన్ని రోజుల్లో నాకు సూటిగా దొరికిన జవాబు అదొక్కటే.

ఇప్పుడు మెకానిక్ నంబరు ఆమె ఫోన్‌లో కూడా ఉంది. ఏదైనా చెడితే నన్ను అడగకుండా పిలవమన్నాను, ఖర్చు నాది. అయితే ఆమె పిలిస్తే అతను వస్తాడా? సార్ కావాలన్నవాడు ఈసారి మేడం కావాలంటాడేమో.