తెలియదనడం నిర్దోషమా?



వేసవి రాత్రి కరెంటు పోతే మన విజయవాడలో పది నిమిషాలు కూడా ఓర్చుకోలేము. ఫ్యాను మళ్లీ తిరగగానే 'హమ్మయ్య' అనుకొని పడుకుంటాము. అది ఎక్కడి బొగ్గుతో తిరుగుతున్నదో ఎవరమూ అడగము. ఇబ్రహీంపట్నంలో 1979లో మొదలైన థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఏళ్ల తరబడి సింగరేణి నుండి, ఒడిశాలోని తాల్చేరు నుండి బొగ్గు వచ్చింది. సింగరేణి గనులలో కొన్ని మనకు దూరమేమీ కావు. ఖమ్మం జిల్లా సత్తుపల్లి ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్లు.

సత్తుపల్లిలో ఉన్నవి ఓపెన్‌కాస్ట్ గనులు. అంటే సొరంగం తవ్వరు. పైనున్న మట్టిని, రాతిని తొలగించి బొగ్గు తీస్తారు. అలాంటి గొయ్యి భూగర్భజల మట్టం కంటే దిగువకు పోయినప్పుడు చుట్టుపక్కల పొరలలోని నీరు దానిలోకి ఊరుతుంది. ఆ నీటిని తోడిపోయనిదే పని సాగదు. తోడినకొద్దీ సమీపంలోని బావులలో నీరు దిగిపోవచ్చు.

తగవు ఇక్కడే పుడుతుంది. "గని వచ్చాక నా బావి ఎండిపోయింది" అంటాడు రైతు. "వానలు లేవు గదా" అంటారు గని వారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడకపోవచ్చు. ఈ తగవు తీర్చడానికి సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం కొలతే. గనికి దగ్గరి బావులలోనూ, దూరపు బావులలోనూ ప్రతి ఏటా జనవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో నీరు ఎంత లోతున ఉన్నదో కొలిచి వ్రాసుకోవాలి. అన్ని బావులూ కలిసి దిగితే వానల లోటును తలచాలి. దగ్గరివి మాత్రమే దిగితే గని వైపు చూడాలి. అయితే మొదటి కొలత తవ్వకం మొదలుకాకముందే తీసి ఉండాలి. లేకపోతే ఆ రైతుది సాక్షి లేని ఫిర్యాదు అవుతుంది.

నీటి మట్టంతోనే పని తీరదు, నీటి గుణాన్నీ పరీక్షించాలి. గంధకపు ఖనిజాలున్న రాతికి గాలి, నీరు తగిలితే ఆమ్లం పుట్టవచ్చు. నీటిలో సల్ఫేటు, ఇనుము పెరగవచ్చు. మన డెల్టాలో సముద్రతీర గ్రామాల వారికి బోరు నీరు ఉప్పగా మారితే నాలుకే చెబుతుంది. కాని అన్నిటినీ నాలుక పట్టలేదు. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలలో ప్రజల పళ్లు మచ్చలుపడి, ఎముకలు వంగిపోవడానికి నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో గాని లోకానికి తెలియలేదు. అది గని వల్ల వచ్చినది కాదు, నేలలోనే ఉన్నది. తేటగా కనిపించే నీరు కూడా పరీక్షించనిదే నిజం చెప్పదని ఆ ఊళ్లు మనకు నేర్పాయి.

'తెలియక జరిగినదానికి దోషం లేదు' అంటారు పెద్దలు. తెలుసుకొనే వీలు లేనప్పుడు అది నిజమే. పొదిలిలో తరతరాలుగా ఆ నీరు త్రాగిన తల్లిదండ్రులను ఎవరు తప్పుపట్టగలరు? కాని నేడు కొలిచే సాధనం ఉన్నది, పరీక్షించే ప్రయోగశాల ఉన్నది. నష్టపరిహారం చెల్లించవలసి వస్తుందేమోనని కొలవకపోయినా, కొలిచిన అంకెలను బీరువాలో దాచినా, ఆ 'తెలియదు' నిర్దోషం కాదు. పూజలో మనం తలంపులు, మాటలు, క్రియలతోపాటు నిర్లక్ష్యం వలన చేసిన పాపాన్నీ ఒప్పుకొంటున్నాము గదా!

పర్యావరణ అనుమతి షరతుల ప్రకారం ఈ కొలతలు తీయించవలసినది గని యాజమాన్యమే. తన వ్యవహారంలో తానే సాక్షిగా నిలిచేవారు ఆ సాక్ష్యాన్ని అందరి ముందూ పెట్టడం ధర్మం. ఆ అంకెలను గ్రామ పంచాయతీ గోడ మీద, చదువు కొద్దిగా వచ్చినవారికి కూడా అర్థమయ్యే తెలుగులో వ్రాయాలి.

"మనమేం చేయగలం? మనం దూరాన ఉన్నాము" అంటారేమో. ఫ్యాను వేసుకోవడం పాపం కాదు. గని యజమానికి, మనకు బాధ్యత సమానమూ కాదు. కాని ఆ వెలుగులో కూర్చున్నవారికి "ఆ ఊరి బావిలో నీళ్లున్నాయా?" అని అడిగే బాధ్యత అయినా ఉన్నది. ముందుగా మన పెరటి బావిలోకి ఒక త్రాడు దించి, నీరు ఎంత లోతున ఉన్నదో తేదీతో సహా పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో వ్రాయిద్దాం. తన బావి లోతు తెలిసిన పిల్లవాడు పొరుగువాని బావి గురించి కూడా అడుగుతాడు.