గాజుతొట్టెలోని చేప – శ్రావకుని పూచీ

చైత్రము వెళ్లి వైశాఖము వచ్చునప్పటికి బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము ఊళ్లలో బజారు మధ్యాహ్నము పన్నెండు గంటలకే సగము నిద్రపోవును. కొట్టు ముందర పరదా దించి, గల్లాపెట్టె ప్రక్కన ఫ్యాను పెట్టుకొని కూర్చున్న వర్తకుడు తన వెనుక గాజుతొట్టెను చూడడు. అందులో నాలుగు బంగారు చేపలుండును. వాస్తుకు మంచిదని ఎవరో చెప్పగా కొన్నవి కావచ్చును, పిల్లలు మారాము చేయగా కొన్నవి కావచ్చును. తెల్లవారుజామున ఇంటివారు లేచి చూచునప్పటికి ఆ నాలుగును నీటి పైకి వచ్చి నోళ్లు తెరచుచు మూయుచు నుండును. “పాపము, ఆకలిగొన్నవి” అని ఒక చిటికెడు మేత చల్లుదురు. అప్పటికిని అవి క్రిందికి దిగకపోగా మరియొక చిటికెడు చల్లుదురు. మధ్యాహ్నమునకు ఒకటి వెల్లకిల తేలును.

మేత చల్లిన చేయి దయగల చేయియే. ఆ చేప అడిగినది మాత్రము ఊపిరి. తినక మిగిలిన మేత ఎండవేడికి కుళ్లి, నీటిలో నున్న కొద్దిపాటి ప్రాణవాయువును కూడ హరించినది. దయతోనే ఒక పంచేంద్రియ జీవము పోయినది. జైన గృహములలో నిది చిన్న సంగతి కాదు.

అసలు శ్రావకుడు చేపను తొట్టెలో నుంచవచ్చునా యను ప్రశ్నకు ఇంటింట రెండు పక్షములున్నవి. పెద్దలు కూడదందురు. జలచరములలో చేప ఐదింద్రియములు గలది, మనస్సు గలది. తందుల మత్స్యము కథ ఎరుగనివారు లేరు. బియ్యపు గింజంత చేప, పెద్ద చేప నోటిలో దూరి బయటపడుచున్న జీవరాసులను చూచి, “నేనైనచో ఒక్కదానిని విడువకపోదును గదా” అని తలచినంత మాత్రముననే ఏడవ నరకమునకు పోయెను. తలపునకే అంత ఫలమనుభవించు జీవమును అలంకారపు బొమ్మగా గోడ ప్రక్కన పెట్టుట తగదని వారి మాట. పైగా తత్త్వార్థ సూత్రము అహింసాణువ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో మొదటిది బంధము, అనగా ప్రాణిని కట్టివేయుట. తక్కినవి కొట్టుట, అవయవము కోయుట, మోయలేని బరువెత్తుట, అన్నపానములు ఆపుట. త్రాడుతో కట్టినను గాజుతో కట్టినను కట్టు కట్టే గదా.

యువకుల వాదము వేరు. “అంగడిలో ఇరుకు తొట్టెలో చచ్చుచుండెను. మేము కొని తెచ్చి బ్రదికించితిమి. ఇది జీవదయ కాదా?” వినుటకు బాగున్నది. గాని వర్తకుల ఇంట పుట్టినవారు చెప్పదగిన మాట కాదు. అమ్ముడుపోయిన సరుకు చోట మరునాడు మరల సరుకు దిగుననుట వారెరుగనిది కాదు. ఒక చేపను విడిపించుటకు ఇచ్చిన పైకము రెండవ చేపకు బయానా అగును. కొనుట విషయములో పెద్దలదే న్యాయము.

అయితే ఇప్పటికే ఇంట నున్న చేప మాటేమి? ఇక్కడ పెద్దలే తొందరపడుదురు. “కందవార చెరువులో వదలిరండు”, “చిత్రావతిలో విడిచిపెట్టుడు, పుణ్యము” అందురు. ఢిల్లీ లాల్ మందిరమున జైనులు నడపు పక్షుల ఆసుపత్రిలో నయమైన పక్షిని మరల పంజరమునకు ఈయక ఆకాశమునకే విడుతురు. అది సరియే. ఆ పక్షి ఈ ఆకాశముదే. బంగారు చేప పూర్వులు చైనా దేశపు జలములవి. శతాబ్దములుగా మనుష్యుడు రంగు కొరకు, తోక కొరకు పెంచిన జాతి అది. ఎఱ్ఱని ఒంటితో చెరువులో దిగిన చేపను కొంగ మొదటి దినముననే కనిపెట్టును. కొంగ తప్పినచో వల ఉన్నది, అనేక చెరువులలో చేపల పాట వేలము వేయుట వాడుక. బ్రదికినచో మరియొక కీడు. తొట్టె అద్దములు శుభ్రము చేయునని కొన్న దక్షిణ అమెరికా సక్కరు చేపను కొందరు పెద్దదైనదని నీటిలో విడిచిరి. నేడది కృష్ణా గోదావరులలో దెయ్యపు చేపయను పేరున వలలు చింపుచు, తక్కిన చేపలకు చోటు లేకుండ చేయుచున్నది. ఒక జీవమును విడిచి వేయి జీవములకు ఆపద తెచ్చుట ఏ ఖాతాలో వ్రాయవలెను?

కావున తెచ్చిన చేప తెచ్చినవాని పూచీ. కుదువ వ్యాపారము చేయువారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. కుదువకు వచ్చిన నగను వాడుకొనరు, పారవేయరు, గింజ ఎత్తు తగ్గనీయరు. ఇష్టమున్నను లేకున్నను పెట్టెలో నున్నంత కాలము కాపాడవలెను.

సోమదేవసూరి 959వ సంవత్సరమున, తెలుగు దేశమున వేములవాడ చాళుక్యుల ఏలుబడిలోని గంగాధరములో ముగించిన యశస్తిలకమున మృగసేనుడను జాలరి కథ ఉన్నది. వానిని ముని వృత్తి మానుమనలేదు. వలలో మొదట పడిన చేపను చంపకుమని మాత్రము వ్రతమిచ్చెను. మొదటి చేపకు గుడ్డపేలిక గురుతు కట్టి విడిచెను. ఆనాడు వల వేసినప్పుడెల్ల ఆ చేపయే పడినది. ఐదు మారులు పడినది, ఐదు మారులు విడిచెను, ఉత్త చేతులతో ఇల్లు చేరి భార్యచేత తిట్లు తినెను. మరుజన్మమున వర్తకుని ఇంట పుట్టి ఐదు మారులు చావు తప్పించుకొనెనని కథ. లోకములోని చేపలన్నియు వాని వ్రతములో లేవు. చేతికి వచ్చిన ఆ ఒక్క చేప ఉన్నది. తొట్టె గల గృహస్థుని స్థితియు నదియే.

ఇక పని. వేసవిలో నీటికి రెండు కష్టములు ఒక్కసారి వచ్చును. 20 డిగ్రీల వేడిమిలో లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకొనగలదు. 30 డిగ్రీలలో ఏడున్నర మాత్రమే. చిక్కబళ్ళాపురము సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్నది గనుక అందులోను పదవవంతు తగ్గును. చేప ఒంటికి సొంత వేడి లేదు. నీరు కాగినకొలది దాని శరీరపు పని హెచ్చి, ఊపిరి ఎక్కువ కావలసివచ్చును. అనగా రాబడి తగ్గి ఖర్చు పెరిగిన కొట్టు. తొట్టెలో పచ్చని మొక్కలున్నచో పగలు వాయువు నిచ్చును గాని రాత్రి అవియు తీసికొనును. అందుచేతనే తెల్లవారుజామున చేప పైకి వచ్చుట.

బంగారు చేపకు 18 మొదలు 24 డిగ్రీలు సుఖము. 30 దాటినచో కష్టము. ఆ చేపల ఊపిరిని ఆపుట అన్నపానములాపుట వంటిదే యనుకొన్నచో, చేయవలసినవి తోచును. తొట్టెను కిటికీ ఎండ నుండి, రేకుల కప్పు క్రింది నుండి తొలగించవలెను. రాత్రి దీపము ఆర్పవలెను. గాజు మూత తీసి వల కప్పి, చిన్న ఫ్యాను గాలి నీటిపై పారునట్లు పెట్టినచో నీరు ఆవిరియగుచు కొన్ని డిగ్రీలు చల్లబడును. కుండలో నీరు చల్లబడు కిటుకే యిది. బాగేపల్లి పొడిగాలిలో మరింత బాగుగా పనిచేయును. తగ్గిన నీరు ప్రతిదినము పోయుచుండవలెను.

మంచుగడ్డ వేయుట పెద్ద తప్పు. అరగంటలో నీరు అయిదారు డిగ్రీలు పడిపోయినచో ఎండకు తాళిన చేప ఆ దెబ్బకు తాళదు. మరీ అవసరమైనచో చన్నీటి సీసా మూత బిగించి తేలవేసి, గంటకు ఒక డిగ్రీ మించకుండ చూడవలెను.

నీరు మార్చుటలోను నిదానము కావలెను. వారమునకు నాలుగవ వంతు చాలును. మునిసిపాలిటీ కొళాయి నీటిలో క్లోరిన్ కలియును. వెడల్పు పాత్రలో ఒక దినము ఎండ తగులక నిలిపిన పిమ్మట పోయవలెను, వాసన తగ్గనిచో క్లోరిన్ విరిచే మందు కలుపవలెను. ఈ సీమలో బోర్లు లోతుగా పోయినవి. అంత లోతునుండి అప్పుడే తోడిన నీటిలో ప్రాణవాయువు తక్కువ. అదియు నిలువయుంచి, చెంబుతో ఎత్తి పోసి గాలి తగిలించిన పిదప వాడవలెను. నీళ్లు వడగట్టి, గుడ్డకు అంటిన సూక్ష్మజీవములను తిరిగి ఆ బావిలోనికే జారవిడుచు ఆచారము గల ఇండ్లలో ఈ ఓపిక క్రొత్తది కాదు. తీసిన పాత నీరు మురుగు కాలువ పాలు చేయక మొక్కలకు పోసినచో మంచి ఎరువు.

బరువు సంగతి కూడ ఉన్నది. ఎద్దు బండికి మితిమించి బరువెత్తుట అతిచారమైనప్పుడు, 40 లీటర్ల తొట్టెలో పది చేపలను క్రుక్కుట ఏమగును? గుండ్రని గాజు బుడ్డి అందరికంటె చెడ్డది. మూతి ఇరుకు, గాలి తగులు నీరు కొద్ది.

కరెంటు పోవుట వేసవిలో మామూలే. గాలి మోటారు ఆగిన గంటకు ఒకసారి, చెంబుతో తొట్టె నీటినే తీసి జానెడు ఎత్తునుండి మెల్లగా పోసినచో గాలి కలియును. చిన్నపిల్లలు సంతోషముగా చేయు పని ఇది.

మేత విషయమే మిక్కిలి చిక్కు. ఎండ ముదిరిన దినములలో సగము మేత చాలును. ఎదిగిన బంగారు చేప ఒకటి రెండు దినములు ఉపవాసమున్నను చెడదు గనుక, శ్రవణబెళగొళ యాత్రకు పోవునప్పుడు ప్రక్క కొట్టువానికి డబ్బా అప్పగించి పోవుటకంటె ఊరక విడుచుటయే మేలు. అయితే ఆ డబ్బాలో ఏమున్నది? అంగడిలో అమ్ము గుళికలలో చాలవరకు చేపల పొడి చేరియుండును. ఒక చేపను సాకుటకు వేరు చేపల శరీరము కొనుట అని తెలిసిన పిమ్మట డబ్బా మూత తీయుటకు చేయి వెనుకాడును. బంగారు చేప శాకమును తినును. ఉడికించి పొట్టు తీసిన బఠాణి, పాలకూర ముక్క, దోసకాయ ముక్క దానికి చెల్లును. కేవలము వీనితోనే పుష్టి చాలదని చేపలు పెంచువారు చెప్పుదురు, అది నిజమే. చేపల పొడి లేక నాచుతో చేసిన గుళికలు కొన్ని దొరకును, డబ్బాపై చదివి తీసికొనవలెను. ఆస్కారు, అరొవానా వంటి మాంసాహారపు చేపలకు ఈ దారియు లేదు. వానిని జైన గృహము గడప దాటనీయకుండుటయే ఉత్తమము. పురుగుల ముద్దలు సంగతి చెప్పనే అక్కరలేదు.

చింతామణిలో కొన్ని ఇండ్లవారు ఇట్లు నిశ్చయించుకొనుట మంచిది: ఉన్న చేపలను చివరి వరకు చూచుట, పోయినదాని చోట క్రొత్తది కొనకుండుట. బాగుగా చూచుకొన్న బంగారు చేప పదేండ్లకు పైగా బ్రదుకును. కొన్నప్పుడు మారాము చేసిన పిల్లవాడు కాలేజీకి పోయిన తరువాతను, తెల్లవారుజామున లేచి ఆ తొట్టె వైపు చూచు పని ఇంటిలో ఎవరో ఒకరికి మిగిలియే యుండును.